గోల్కొండ ఎక్కనన్న రోజు

ఈ సంగతి రాసి పెట్టాల్సిన అవసరం మొన్న పీర్జాదిగూడలో, ఒక ఫంక్షన్ హాలులో, పప్పు వడ్డించే వేళకు వచ్చింది. మా తమ్ముడి కోడలు మా ఇంటికి కొత్త. మంచి పిల్ల. పక్కన తింటున్నవాళ్లతో మెల్లగా చెప్తోంది: "మా చిన్న నాయనమ్మకు అప్పట్ల రైల్వే సంబంధం వచ్చిందంట. కాలు బాగలేక గోల్కొండ ఎక్కలేకపోయిందంట. గట్ల పోయిందంట సంబంధం, పాపం."

పక్కవాళ్లు "అయ్యో" అన్నారు. తర్వాత ఎవరో ఐస్‌క్రీమ్ ఎక్కడ పెట్టారని అడిగారు. మాట అక్కడితో ముగిసింది.

నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఆ రోజు అక్కడ నేనున్నాను. వ్యాన్‌లో గోల్కొండకు వెళ్లినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లలో, ఆ పిల్ల చిన్న నాయనమ్మ అంటున్న మా చిన్నమ్మ చెప్పదు. నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. ఆ తర్వాతి చదువంతా ఉప్పల్ గ్రంథాలయంలో, ఒక కాలు ఊగే చెక్క బెంచీ మీద జరిగింది. అక్కడ అరల నిండా ఉన్న చరిత్ర పుస్తకాలన్నీ చదివాక నాకు అర్థమైంది ఒక్కటే. చూసినవాళ్లు రాయకపోతే, చూడనివాళ్లు చెప్పిందే చరిత్రవుతుంది. అందుకని రాస్తున్నాను. చిన్నమ్మ గోల్కొండ ఎక్కలేక కాదు, ఎక్కనన్నది. ఈ రెండు మాటలకూ మధ్య ఎంత దూరముందో చెప్పడానికే ఇది.

అప్పటి ఉప్పల్‌ను ఇప్పటివాళ్లకు చూపించడం కష్టం. మెట్రో స్తంభాలు నిలబడ్డ రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్షతోటలుండేవంటే నవ్వుతారు. ఉండేవి. రాతి కడీలు పాతి, వాటి మీద ఇనుప తీగలు లాగి, పందిళ్లు కట్టేవాళ్లు. మా తాత, అంటే అమ్మ వాళ్ల నాన్న, ఆ పందిళ్లు కట్టే మేస్త్రీ. తీగ లాగి లాగి ఆయన అరచేతుల్లో గీతలు చెరిగిపోయాయి. చేతి గీతలు చూసి జాతకం చెప్పేవాడు మా గల్లీకి వస్తే తాత చెయ్యి చాపి, "సూడు, ఏం రాసున్నదో దొరుకవట్టు" అని ఆట పట్టించేవాడు. ఎండాకాలం ముందు తోటల మీద నుంచి మందు కొట్టిన వాసన, మాగిన పండు వాసన కలిసి వచ్చేది. మూసీ దిక్కు నుంచి గాలి తిరిగితే పచ్చగడ్డి వాసన, బర్ల వాసన. పొద్దున్నే నాచారం వైపు నుంచి కంపెనీల సైరన్.

ఆ సైరన్‌కు ముందే బస్సెక్కేది మా చిన్నమ్మ. అమ్మకు ఒక్కతే చెల్లెలు. నాచారంలో మందు గోలీలు ప్యాకింగ్ చేసే కంపెనీలో పని. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమ కాలు సన్నబడింది. నడిస్తే ఎడమ భుజం కొంచెం కిందికి వెళ్లి పైకి లేచేది. ఆ నడకకు ఒక చప్పుడుండేది, ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు గట్టిగా. సాయంత్రం గ్రంథాలయంలో పుస్తకంలో తల దూర్చి కూర్చున్న నాకు, గుమ్మంలో ఆ చప్పుడు వినిపిస్తే ఇంటికి వెళ్లే వేళైందని తెలిసేది. మేమూ తాత ఇంటి వెనక వాటాలోనే ఉండేవాళ్లం. అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది.

చిన్నమ్మకు అంతకుముందు రెండుసార్లు పెళ్లిచూపులయ్యాయి. మా దిక్కు పద్ధతేమిటంటే, వచ్చేవాళ్లు గడప దాటకముందే పిల్లను చాప మీద కూర్చోబెట్టేస్తారు. వాళ్లు చూసి, అడిగి, మిఠాయి తిని వెళ్లేదాకా లేపరు. ఇది అందరి ఇళ్లలోనూ ఉన్న మర్యాదే. కానీ మా ఇంట్లో ఆ చాప ఇంకో పనికి కూడా వచ్చింది. మొదటిసారి వచ్చినవాళ్లకు పిల్ల నచ్చింది. తర్వాత బస్టాండులో ఆమె నడవడం ఎవరో చూసి చెప్పారు. "దాచి అంటగడ్తరా" అని వాళ్లు గల్లీలో నిలబడి అరిచి వెళ్లారు. రెండోసారి కూడా తాత చాపే వేశాడు. ఈసారి చిన్నమ్మ మాటల మధ్యలో, "నీళ్లు తెస్త" అని లేచి, గది ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి వెళ్లి, గ్లాసులు తెచ్చి ఒక్కొక్కరి చేతికీ ఇచ్చింది. ఆ నీళ్లు ఎవరూ తాగలేదు. గ్లాసులు పట్టుకుని అట్లాగే కూర్చున్నారు. జాతకాలు కుదరలేదని తర్వాత కబురు వచ్చింది. జాతకం అడిగిందే లేదు.

మూడో సంబంధం చెంగిచెర్ల నుంచి. పిల్లగాడు రైల్వేలో ఫిట్టరు. తండ్రి లేడు, తల్లి ఉంది. పెత్తనమంతా మేనమామది. తాత ఈసారి కాలు సంగతి ముందే చెప్పేశాడు. వాళ్లు వెంటనే కాదనలేదు. "ఇంట్ల వద్దు, బయట కలుద్దాం" అన్నారు. అట్లా పుట్టింది మా టూరు. గల్లీకి మాత్రం పిల్లలకు జూ చూపిస్తున్నామని చెప్పారు. ఒకవేళ కుదరకపోయినా ఎవరికీ తెలియదు, ఎవరూ గల్లీలో నిలబడి అరవరు. పొద్దున జూ పార్కు, మధ్యాహ్నం గోల్కొండ, పొద్దుగూకేసరికి ఇంటికి. చిన్నమ్మకు పెళ్లిచూపులని తెలుసు. చూసేది ముఖాన్ని అనుకుంది.

నాకు ఇవేవీ తెలియవు. జూకు వెళ్తున్నామంటే చాలు. ఆ వారమంతా గ్రంథాలయంలో జంతువుల పుస్తకాలు మేశాను. పులి చారలు ఏ రెండు పులులకూ ఒక్కలా ఉండవనీ, మొసలి రాళ్లు మింగుతుందనీ, గోల్కొండ కింది దర్వాజాలో చప్పట్లు కొడితే గుట్ట మీద వినిపిస్తుందనీ తెలుసుకుని, ఎవరికి చెప్దామా అని ఆవురావురుమంటున్నాను.

వ్యాన్ తాతకు తెలిసిన వాళ్లది. నాచారం నుంచి బేగంబజారుకు అగరొత్తులు మోసే మెటాడోర్. ఆదివారం ఖాళీ. లోపల సీట్లు లేవు, జంపఖానా పరిచి కూర్చున్నాం. ఎంత తుడిచినా ఆ వాసన పోలేదు. దిగేసరికి మేమందరం దర్గా నుంచి వస్తున్నవాళ్లలా గుప్పుమన్నాం. నాన్నకు డ్యూటీ ఉండి రాలేదు. అమ్మ ముందు రోజు సాయంత్రం నుంచే పులిహోర, సర్వపిండి, ఉడకబెట్టిన పల్లికాయ, చింతకాయ తొక్కు సిద్ధం చేసింది.

బయల్దేరే వేళకు ముందు గదిలో అద్దెకుండే ఆంటీ గబగబా తాళం వేసి వచ్చేసింది. ఆవిడది గుంటూరు వైపు. వాళ్లాయన హబ్సిగూడలో ఏదో పరిశోధనశాలలో పని చేసేవాడు. చేతిలో టిఫిన్ క్యారియర్, భుజానికి కెమెరా.

"నన్ను వదిలేసి వెళ్లిపోదామనే! మూడేళ్లయింది ఈ ఊరొచ్చి, ఇంతవరకు ఏనుగుని చూళ్లేదు తెలుసా?" అంది.

తాత ముఖం వాడిపోయింది. అమ్మ ఆయన చెవిలో, "వద్దంటే అప్పుడు అనుమానమొస్తది నాయినా" అంది. తాత జరిగి చోటిచ్చాడు. నేను రామంతాపూర్ దాటకముందే ఆంటీకి మొసలి రాళ్ల సంగతి చెప్పేశాను.

చార్మినార్ దగ్గర వ్యాన్ ఆపి చాయ్ తాగాం. తాత సాసర్‌లో పోసుకుని తాగుతూ మీనార్ల వైపు తల ఎత్తి చూసి, "గంత పైకి కట్టినోడు పందిరి గూడ మంచిగనే కడ్తడు" అన్నాడు. ఆయన మెచ్చుకోవడమంటే అదే.

జూ గేటు దగ్గర వాళ్లు ముగ్గురు నిలబడి ఉన్నారు. అనుకోకుండా కలిసినట్టు పెద్దవాళ్లంతా ఆశ్చర్యపోయారు. "అరె, మీరు గూడ వచ్చిన్రా!" అని మేనమామ ఎంత గట్టిగా అన్నాడంటే టికెట్లు చింపేవాడు కూడా తిరిగి చూశాడు. మేనమామ బొజ్జ మనిషి, భుజం మీద తువ్వాల. తల్లి సన్నగా, నుదుట పెద్ద పచ్చబొట్టుతో, రబ్బరు చెప్పులతో ఉంది. పిల్లగాడు ఇస్త్రీ చొక్కాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. ముఖం మంచిగుంది. ఆంటీ మాత్రం, "భలే కలిశారే! మీరూ జూకేనా?" అని సంతోషంగా ఫోటో తీసింది.

లోపలికి వెళ్లాక అందరూ జంతువుల వైపు చూస్తున్నారు. మేనమామ ఒక్కడే వెనకపడి నడుస్తున్నాడు. కోతుల దగ్గర వెనకే. ఏనుగు దగ్గర వెనకే. పులి బోను దగ్గరికి వచ్చేసరికి చిన్నమ్మ ఆగి, వెనక్కి తిరిగింది.

"మామా, నువ్వు ముంగట నడువు. నా కాలు సూసుకుంట వస్తే పులి కనవడది గద నీకు."

ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "గట్లేం లేదు బిడ్డా, ఎండ ముంగటి నుంచి కొడ్తుందని..."

పిల్లగాడి తల్లి నవ్వింది. దాచుకోకుండా, పళ్లు కనబడేలా నవ్వింది. నాకు ఆ ముసలామె అప్పుడే నచ్చింది. పిల్లగాడు కూడా నవ్వబోయి, మామ వైపు చూసి ఆపుకున్నాడు.

ఆ ఎండలో ముసలామె మోకాళ్లు నొప్పి పట్టాయి. మేమంతా మొసళ్ల కోసం ముందుకు పరిగెత్తితే, ఆమె వెనకే ఆగి ఆగి వస్తోంది. వెనక్కి తిరిగి చూస్తే చిన్నమ్మ ఆమె పక్కనే ఉంది. చెయ్యి పట్టుకోలేదు, ఊరికే ఆమె అడుగుకు తన అడుగు కలిపి నడుస్తోంది. ఇద్దరి నడకలూ రెండు తీర్లు. అయినా కలిసి వస్తున్నారు.

దుమ్ములగొండి బోను దగ్గర నా చదువు బయటపడింది. అది బోనులో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతోంది. ఆంటీ, "అదేంటి అలా కుంటుతోంది, దెబ్బ తగిలిందా?" అంది. ఇంతకంటే మంచి అవకాశం నాకు దొరుకుతుందా?

"అది కుంటిది కాదాంటీ! దాని ముంగటి కాళ్లు పొడుగు, ఎనక కాళ్లు పొట్టి. గందుకే గట్ల కనవడ్తది. దాని దవడ ఎంత గట్టిదంటే బొక్కల్ని గూడ నమిలి పిండి జేస్తది. పుస్తకంల ఉన్నది!"

అమ్మ నా భుజం పట్టుకుని గిల్లింది. ఎందుకో అర్థం కాలేదు. తాత నేల చూపులు చూశాడు. మేనమామ దగ్గాడు. అప్పుడు చిన్నమ్మ పకపకా నవ్వి, నా నెత్తి మీద చెయ్యి వేసి, "మంచిగ చదివినవ్ బిడ్డా. ఇంకేం రాసిన్రు దాని గురించి?" అంది. నేను ఉత్సాహంగా మిగతాదంతా అప్పజెప్పాను.

ముసలామె బోనుకు దగ్గరగా వెళ్లింది. "దీన్ని నేను పెండ్లైన కొత్తల సూసిన. మా చెంగిచెర్ల గుట్టల కాడ. మేకపిల్లల నెత్తుకపోయేది."

తాత ముఖం వెలిగింది. "నిజమే చెల్లె! నేను గూడ గాడనే సూసిన. తీగ కట్టలు నెత్తినవెట్టుకొని నడిసి పోతుంటే తొవ్వకు అడ్డమొచ్చి నిలవడ్డది. నేను దాన్ని సూసిన, అది నన్ను సూసింది. ఎవని తొవ్వన వాడు పోయినం."

"ఇప్పుడు ఆడ లేవన్నా. ప్లాట్లు గొడ్తున్రు."

ఇద్దరూ కాసేపు ఆ జంతువును, ఎప్పుడో తెలిసిన మనిషి దవాఖానాలో పడుంటే చూసినట్టు చూశారు. టూరు మొత్తంలో తాత తన బాధ్యత మరిచిపోయి నిలబడ్డది అక్కడొక్కచోటే.

చెట్ల కింద జంపఖానా పరిచి తిన్నాం. ఎక్కడినుంచో సింహం అరిస్తే పులిహోర గొంతులో అడ్డం పడింది నాకు. ఆంటీ గోంగూర పచ్చడి తీసింది. ముసలామె నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుని, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంది. సర్వపిండిని మెచ్చుకుని ఎవరు చేశారని అడిగితే, అమ్మ తడుముకోకుండా "మా చెల్లే" అంది. చిన్నమ్మ వెంటనే, "కాదమ్మా, అక్కే చేసింది. నేను మంట వెట్టిన గంతే. నేను జేస్తే మాడుతది" అంది. అమ్మ కళ్లతోనే ఆమెను తిట్టింది. తాత ఆంటీ వినకుండా పిల్లగాడి జీతం, క్వార్టరు, షిఫ్టుల గురించి అడుగుతున్నాడు. అడిగింది పిల్లగాడిని, జవాబులన్నీ మేనమామవి.

గోల్కొండ చేరేసరికి ఎండ వాలడం మొదలైంది కానీ రాళ్లు ఇంకా కాలుతున్నాయి. పెద్ద దర్వాజా గుమ్మటం కింద చల్లగా ఉంది. గైడు ఎవరికో చప్పట్లు కొట్టి చూపిస్తున్నాడు. నేను చిన్నమ్మ కొంగు పట్టుకుని, నేను పైకి వెళ్లాక నువ్వు కింద కొట్టాలి, లేదా నువ్వు పైకెళ్లు నేను కొడతా అని బేరం పెడుతున్నాను.

అప్పుడు మేనమామ మెట్ల వైపు చూసి తాతతో అన్నాడు. మెల్లగానే అన్నాడు, కానీ ఆ గుమ్మటం కింద మెల్లగా అన్నది కూడా అందరికీ వినబడుతుంది.

"ఇగ పైకి పోదాం పా బావా. పిల్లను గూడ రమ్మను. ఎంతవరకు ఎక్కుతదో సూసుకుందామనే గద మనం మాట్లాడుకున్నది."

చిన్నమ్మ నా చేతిలోంచి కొంగు లాక్కుంది. తాత వైపు తిరిగింది.

"నాయినా. నువ్వు ఒప్పుకొనే తీస్కవచ్చినవా?"

తాత చెరిగిపోయిన గీతల అరచేతులు ఒకదానికొకటి రుద్దుకున్నాడు. "ఒక్కసారి బిడ్డా," అన్నాడు చివరికి. "ఎక్కితే అయిపోతది. ఇగ జిందగీల ఎవ్వరూ నిన్ను మాటనరు. నువ్వెక్కుతవ్, నాకెర్క."

ఆ గొంతు నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. మా గల్లీలో ఎవరి ముందూ తల వంచని మనిషి బతిమాలుతున్నాడు.

"ఎక్కుతనో ఎక్కనో, అది నా కాలు సంగతి," అంది చిన్నమ్మ. "మీరు సూసేటందుకైతే ఎక్క."

"గంత మాటెందుకు బిడ్డా, ఊకె సరదాకు..." అన్నాడు మేనమామ.

"సరదాకైతే అందరికంటే ముందుగాల్నే ఎక్కుదును మామా. ఇయ్యాల గుట్టెక్కి సూపిస్తే, రేపు బిందె ఎత్తి సూపియ్యాలె. ఎల్లుండి ఇంకొకటి. ఆ ఇంట్ల నాకు రోజుకొక గుట్ట. నాతోని గాదు."

ఆంటీకి అప్పుడు అర్థమైంది ఇది ఏ టూరో. "అయ్యో రామ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అందరి కళ్లూ పిల్లగాడి మీదికి వెళ్లాయి. అతను నోరు తెరిచాడు. మామ ముఖం చూశాడు. మూశాడు.

మాట్లాడింది వాళ్లమ్మ. రబ్బరు చెప్పులు విడిచి, గోడ పక్కన రాతి అరుగు మీద చతికిలబడింది. "నేను గూడ ఎక్క. నా మోకాళ్లు కోడలిగ పనికొస్తయా అని ఇప్పుడెవడన్నా సూస్తడా ఏంది? అరేయ్ తమ్మీ, నువ్వు పోయి మా ఇద్దరి తరఫున గూడ ఎక్కిరా పో. రా బిడ్డా, నువ్వు ఈడ కూసో."

చిన్నమ్మ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. అమ్మ కూడా. తాత ఎటూ పోలేక దర్వాజా బయట నీడలో నిలబడి బీడీ ముట్టించాడు.

మేనమామ రోషంగా బయల్దేరాడు. ఆంటీ, నేను, పిల్లగాడు వెనకాల. సగం దూరంలోనే ఆయన బొజ్జ పట్టుకుని ఒక రాయి మీద కూలబడ్డాడు. "మీరు పోండ్రి, నేను గీడ చరిత్ర సూస్త" అన్నాడు. ఆంటీ పైట చెంగుతో నవ్వు ఆపుకుంటూ, "చూడండి చూడండి, చాలా ఉంది చరిత్ర" అంది.

పైన గాలి విపరీతంగా ఉంది. ఊరంతా తెల్లగా, చిన్నగా కనిపిస్తోంది. మా ఉప్పల్ ఏ వైపో వెతికాను, కనబడలేదు. ఆంటీ ఫోటోలు తీసుకుంటోంది. నేను గోడ దగ్గర చెవి పెట్టి నిలబడ్డాను. పొద్దంతా ఒక్క మాట మాట్లాడని పిల్లగాడు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మీ చిన్నమ్మకు మస్తు కోపమొచ్చిందా?" అన్నాడు.

"నాకేమెర్క? పోయి నువ్వే అడుగు."

"మామ ఉన్నడు గద," అన్నాడు. అది నాకు వింతగా అనిపించింది. మామ అప్పుడు అక్కడ లేడు, సగం దారిలో రాయి మీద ఉన్నాడు.

అప్పుడు వినబడింది. సన్నగా, పొడిగా, చప్పట్లు. నేను గంతులేశాను. "చిన్నమ్మ కొడ్తున్నది! మా చిన్నమ్మ!" పుస్తకంలో చదివింది నా చెవులతో విన్న మొదటి రోజు అది. అంత సంతోషం నాకు తర్వాత ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

పిల్లగాడు కాసేపు విన్నాడు. తర్వాత, "ఈడ గొడితే కిందికి వినవడ్తదా?" అని అడిగాడు.

"ఏమో. కింద గొడితే పైకి వినవడ్తదనే రాసిన్రు."

అతను అటూ ఇటూ చూసి, గోడ మీదికి కొంచెం వంగి, రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టాడు. గట్టిగా కాదు. ఎవరైనా చూస్తారేమో అన్నట్టు. గాలి ఆ చప్పుడును అక్కడే ఎగరేసుకుపోయింది. మళ్లీ కొట్టాడు. ఆంటీ తిరిగి చూడగానే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

కిందికి దిగేసరికి ముసలామె, చిన్నమ్మ పల్లికాయలు ఒలుచుకుంటూ నవ్వుకుంటున్నారు. ఏం మాట్లాడుకున్నారని తర్వాత అమ్మను అడిగితే, "ఏమున్నది, ఇద్దరూ కలిసి మగోళ్లను తిట్టిన్రు" అంది. తిరుగు దారిలో వ్యాన్‌లో నేను చిన్నమ్మ ఒళ్లో తల పెట్టుకుని అడిగాను, "పైనుంచి ఆయన గూడ చప్పట్లు గొట్టిండు. నీకు వినవడ్డదా?"

"లేదు," అంది చిన్నమ్మ.

కొన్నాళ్లకు మధ్యవర్తి నవ్వుతూ వచ్చాడు. వాళ్లు ఒప్పుకున్నారు. తల్లి పట్టుబట్టిందట. "పిల్లకు పొగరున్నది. మా ఇంట్ల గదే తక్కువున్నది" అన్నదట. తాత అప్పటికప్పుడు మిఠాయికి మనిషిని పంపబోయాడు. చిన్నమ్మ ఆపింది.

"అత్త మస్తు నచ్చింది నాయినా. గసొంటి అత్త మళ్ల దొరుకది. పిల్లగాడు గూడ చెడ్డోడు గాదు. గని ఆయన మాట ఆయనకే వినవడది, ఇగ నాకేం వినవడ్తది? నేను లగ్గం జేస్కునేది అత్తనా చెప్పు?"

అమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తాత ఆ తర్వాత చాలా రోజులు చిన్నమ్మతో మాట్లాడలేదు. అన్నం వడ్డిస్తే తినేవాడు, అంతే. రైల్వే ఉద్యోగం, క్వార్టరు, అన్నీ కాళ్ల దగ్గరకొస్తే తన్నిందని గల్లీ తిట్టింది. గల్లీకి ఎట్లా తెలిసిందో చెప్పనక్కరలేదు. ఆంటీ మంచి మనిషే కానీ కడుపులో మాట నిలవదు.

తాత క్షమించమని అడిగే మనిషి కాదు. మళ్లీ ఎవరో సంబంధం తెచ్చినప్పుడు, అమ్మ అలవాటుగా చాప దులుపుతుంటే, ఆయన వచ్చి చాప లాగి మూలకు విసిరేశాడు. మధ్యవర్తితో, "మా పిల్ల పొద్దుగాల బస్సుకు పోతది, పొద్దుమీకి వస్తది. సూసుకునేటోళ్లు రోడ్డు మీద సూసుకోండ్రి. ఇంట్ల చూపులు బంద్" అన్నాడు. చిన్నమ్మ తలుపు చాటు నుంచి విన్నది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆయనతో, "ఇంకొంచెం ఏస్కో నాయినా" అంది. ఆయన కంచం ముందుకు జరిపాడు.

తర్వాత చిన్నమ్మకు పెళ్లయింది. అదే కంపెనీలో స్టోర్సులో పనిచేసే మనిషి. ఏళ్ల తరబడి ఒకే బస్సులో ఎక్కి దిగినవాడు. ఆయనకు ఆమె నడక కొత్తగా చూసేదేమీ లేదు. ఆయనది మహా వేగం నడక. బజారుకు వెళ్తే ఎప్పుడూ ముందుకు వెళ్లిపోతాడు, చిన్నమ్మ "జర నిలువు!" అని అరుస్తుంది, ఆయన నిలబడతాడు. చిల్కానగర్ గల్లీల్లో ఈ అరుపు ఇప్పటికీ వినబడుతుంది.

ద్రాక్షతోటలు పోయాయి. చెంగిచెర్ల గుట్టల దగ్గర ఇప్పుడు మా తమ్ముడికే ఇల్లుంది. నేను పుస్తకాల్లో చదివిన జంతువులు చాలా, పుస్తకాల్లోనే మిగిలాయి.

ఇది రాయడంలో సాయపడిన వాళ్లకు పేరు పేరునా కృతజ్ఞత చెప్పాలి. కానీ పేర్లు రాస్తే ఊరుకోనని చిన్నమ్మ షరతు. కాబట్టి పిలిచే పిలుపులతోనే చెప్పుకుంటాను. సర్వపిండి దగ్గర ఎవరేమన్నారో గుర్తుచేసిన అమ్మకు. గుంటూరు నుంచి ఫోనులో గంటసేపు మాట్లాడి, ఆ కెమెరాలో రీలు సగం కాలిపోయిందని ఇన్నేళ్లకు బయటపెట్టిన ఆంటీకి. దుమ్ములగొండికి దారి ఇచ్చిన తాతకు. వ్యాన్ ఇచ్చిన వాళ్లకు. గ్రంథాలయంలో దీపాలు ఆర్పే వేళ దాటినా నన్ను లేపని పంతులుకు. చెంగిచెర్ల ముసలామెకు, ఆమె కొడుకుకు. అతనెక్కడున్నా, ఆ రోజు పైన అతను కొట్టిన చప్పట్లు ఒకరు విన్నారని తెలియాలి.

అందరికంటే ఎక్కువగా చిన్నమ్మకు. రాసిందంతా ఆమె ముందు కూర్చుని చదివి వినిపించాను. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని విన్నది. "ఎక్కలేక కాదు" అన్న చోట చెయ్యెత్తి ఆపింది.

"గది నీకెట్ల తెల్సు?"

"నువ్వు ఎక్కేదానివే గద చిన్నమ్మా!"

"ఏమో," అంది. "ఎక్కుదునో, సగంల కూసుందునో. నాకే తెల్వదు. ఎక్కనన్న. గంతవరకే రాయి."